ఎగువా దిగువా తెలియని పెట్టె

మొన్న సంక్రాంతికి బెజవాడ వెళ్ళినప్పుడు అటక మీద సామాను దించాల్సి వచ్చింది. ఇత్తడి బిందెలు, పాత రేడియో, నా ఇంజనీరింగు డ్రాయింగు బోర్డు, వీటన్నిటి వెనకాల ఒక అట్టపెట్టె. అందులో నేను 2009లో బోలెడంత పరిశోధన చేసి కొన్న కారు జీపీఎస్సు. అరచేయంత తెర, అద్దానికి అతికించుకునే రబ్బరు గిన్నె, సిగరెట్ లైటరులో గుచ్చే తీగ. కారులో పెట్టి చూద్దును గదా, వెలిగింది! రెండు నిమిషాలు ఆకాశంలోకి వెతుక్కుని, చివరికి నేనెక్కడున్నానో పట్టుకుంది. పక్కనున్న రహదారిని ఇంకా ఎన్‌హెచ్ 5 అనే అంటోంది. బెంజి సర్కిల్ దగ్గర పైవంతెన ఉందని దానికి తెలీదు. ఆ నిద్రలోంచి లేచిన మనిషి అడిగినట్టే అడిగింది - "గమ్యం చెప్పండి" అని (ఇంగ్లీషులోనే లెండి, తెలుగు దానికి రాదు).

ఆ పెట్టె గురించి రాయాలని చాన్నాళ్ళుగా ఉంది. అయితే దాని కథ దాంతో మొదలవదు, రెండొందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి. ఓపికుంటే రండి.

ముందు కొనుగోలు సంగతి. నేను అమెరికాలో నాలుగేళ్ళు ఉండి 2008 చివర్లో తిరిగొచ్చాను. అక్కడ ఇలాంటి పెట్టెతోనే బతికాను. ఎడమకి తిరగమంటే ఎడమకి, కుడికంటే కుడికి. నాలుగేళ్ళున్న ఊళ్ళో దిక్కులు కూడా తెలీకుండానే తిరిగొచ్చానంటే నమ్మండి. ఇక్కడ కారు కొన్నాక ఇలాంటిదే కావాలనిపించింది. ఇంజనీరుని కదా, ఊరికే కొంటానా? ఎక్సెల్ షీటు తెరిచాను. ఒక వైపు విదేశీ పెట్టెలు - చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పటం మాత్రం హైదరాబాదు దాటితే జాతీయ రహదారులే. ఇంకో వైపు మన దేశపు పటాలతో వచ్చేవి - ఊళ్ళు ఎక్కువ, తెర మొద్దు. మూడోది, చేతిలో ఇమిడే కంప్యూటర్లోనో ఫోన్లోనో వేసుకునే సాఫ్ట్‌వేరు. ధర, తెర, బ్యాటరీ, పటాన్ని ఎన్నాళ్ళకోసారి మారుస్తారు, గొంతు వినసొంపుగా ఉందా లేదా - ఇలా పధ్నాలుగు గడులు. ఒక్కో గడికి మార్కులు, మార్కులకి తూకం.

షాపువాడి దగ్గర అన్నిటికీ ఒకే పరీక్ష పెట్టాను. శ్రీకాకుళం వెళ్ళాలి, దారి చూపించు. అన్నీ ఉత్తరానికే దారి తీశాయి, నాలుగొందల కిలోమీటర్లకు పైగా. నాకు కావాల్సింది కృష్ణ ఒడ్డున ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్నది, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదకి కారణంగా చెప్పుకున్న కల కన్న ఊరు. రాయలవారికి దొరికిన ఊరు ఉపగ్రహాలకి దొరకలేదన్నమాట. వాటిలో ఒక పెట్టె మాత్రం రెండో వరసలో ఇదీ చూపించింది. అంతే, నా షీటులో దానికి అదనంగా పది మార్కులు పడ్డాయి, అదే గెలిచింది. పదిహేను వేల పైచిలుకు పోశాను. అది ఏ కంపెనీదో చెప్పను. దీన్లో నేను పేరుపెట్టి రాయబోయే కంపెనీల్లో ఏదీ కాదు.

కొన్న వారానికి దాన్ని పట్టుకుని మా మావయ్య వాళ్ళ ఊరు వెళ్ళాను, చూపించి గొప్పలు పోదామని. దివిసీమకి ఇవతల, చల్లపల్లి వైపు ఉంటుంది. మావయ్య కాలవల శాఖలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లస్కరంటే తెలీనివాళ్ళకి - కాలవ గట్టు వెంట తిరుగుతూ గండ్లు పడకుండా, తూములు ఎవరూ అడ్డదిడ్డంగా ఎత్తకుండా చూసే మనిషి. పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో కాలవ ఏదిరా?"

"ఇదిగో మావయ్యా, నీలం గీత."

"ఎగువేది, దిగువేది?"

అది చెప్పదన్నాను. "మరింకేం చెబుద్ది?" అని పెట్టె నా చేతిలో పెట్టి మజ్జిగ తాగడానికి వెళ్ళిపోయాడు. అత్తయ్య మాత్రం ముచ్చటపడింది. లోపల మాట్లాడే అమ్మాయికి పెళ్ళయిందా అని అడిగింది.

*

ఇప్పుడు చరిత్ర. మన పటాలు ఎందుకంత బోసిగా ఉండేవి? మనకి పటాలు గీయడం రాకనా? ఆ మాటంటే ఏలూరు వాళ్ళకి కోపం రావాలి. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి - ఈ ముగ్గురన్నదమ్ములూ ఏలూరు వాళ్ళు. కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. కైఫీయతుల పేరు చెప్పగానే మనం మెకంజీ పేరెత్తుతాం గానీ, ఆ దొరకి ఊరూరా దారి చూపించి, కరణాల చేత నోరు విప్పించి, రాతలు సేకరించింది వీళ్ళూ వీళ్ళ మనుషులూను. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే పోయాడు. లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. రామస్వామి 1828లో దక్కను ఊళ్ళ గురించి ఇంగ్లీషులో పుస్తకమే అచ్చువేశాడు. మెకంజీ 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అంటే ఈ దేశపు పటాల పెద్ద ఆఫీసు కుర్చీ వెనకాల ఏలూరు నియోగులు నిలబడి ఉన్నారు.

అదే కాలంలో ఇంకో దొర, విలియం లాంబ్టన్. 1802 ఏప్రిల్లో మద్రాసు సెయింట్ థామస్ కొండ దగ్గర ఏడున్నర మైళ్ళ గీతని గొలుసుతో కొలిచి, దానిమీద త్రిభుజాలు పేర్చుకుంటూ దేశమంతా కొలవడం మొదలుపెట్టాడు. ఆయన శిష్యుడు జార్జ్ ఎవరెస్టు (అవును, ఆ శిఖరం ఆయనే) 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరం తగిలించుకుని, బాగవడానికి ఆఫ్రికా కొస దాకా వెళ్ళాల్సొచ్చింది. మన దోమలు అంత ఘనమైనవి. తర్వాత 1830లో ఆయన భూమి ఆకారానికి లెక్క కట్టాడు. నూట డెబ్భై ఏళ్ళకు పైగా మన పటాలన్నీ ఆ లెక్కమీదే నడిచాయి. జీపీఎస్ వాడే లెక్క వేరు. రెండిటికీ మధ్య మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. పాత పటాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టెలో పోస్తే కారు రోడ్డు మీద కాకుండా పక్కనున్న పొలంలో నడుస్తున్నట్టు కనబడుతుంది. ఎవరెస్టు దొర జ్వరం నా పెట్టెదాకా వచ్చిందని నాకు ఎంత ఆలస్యంగా తెలిసిందో!

పటాలున్నాయి సరే, జనానికి ఇవ్వాలి గదా? 1960ల నుంచి దేశ సరిహద్దులకీ సముద్రతీరానికీ 80 కిలోమీటర్ల లోపు వివరమైన పటాల మీద ఆంక్షలు. విజయవాడ నుంచి సముద్రం కాకి ఎగిరినట్టు కొలిస్తే డెబ్భై కిలోమీటర్ల లోపే. అంటే ఏమిటన్నమాట? బెజవాడ, గుడివాడ, బందరు, తెనాలి, రేపల్లె, అవనిగడ్డ - డెల్టా మొత్తం ఆ నిషేధపు పట్టీలో కూర్చుంది. మా మావయ్య రోజూ సైకిలు మీద తిరిగే గట్టు దేశరక్షణ రహస్యం! అమెరికా, రష్యా ఉపగ్రహాలు దాన్ని ఎప్పుడో ఫొటో తీసేసుకున్నాయి. తెలియకూడనిది మనకే. 2005లో కొత్త జాతీయ పటాల విధానం వచ్చింది. సైన్యానికి ఒక వరస, జనానికి ఒక వరస అన్నారు. జనం వరసకి జీపీఎస్ లెక్కనే వాడారు. అసలు గేట్లు ఎత్తింది మాత్రం 2021 ఫిబ్రవరిలో, అప్పటికి మనందరి జేబుల్లోనూ పటం వచ్చి పదేళ్ళయింది.

ఈ మధ్యలో ప్రైవేటు వాళ్ళు ఏం చేశారు? తిరిగారు. నిజంగానే, కార్లేసుకుని రోడ్లమీద తిరిగి గీసుకున్నారు. ఢిల్లీలో వర్మ దంపతులు 1995లో పెట్టిన కంపెనీయే తర్వాత మ్యాప్‌మైఇండియా అయింది. మన హైదరాబాదులోనే శాట్‌నావ్ వాళ్ళు శాట్‌గైడ్ అని తెచ్చారు. ఇవి కాక ఉపగ్రహ చిత్రాల మీద గీతలు గీయడం. కార్లు తిరగని చోట, అంటే మా మావయ్య ఊరిలాంటి చోట, పైనుంచి చూసి గీయడమే దిక్కు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ పనుంది.

పెట్టె వెనకాల విజ్ఞానం గురించి కాస్త చెప్పకపోతే నా ఉద్యోగానికి మర్యాద కాదు. కారులో దారి చూపే యంత్రం జీపీఎస్ కంటే ముందే పుట్టింది. 1985లో కాలిఫోర్నియాలో ఎటాక్ అని ఒకటి అమ్మారు. పటం క్యాసెట్లలో ఉండేది, చక్రాలు ఎన్ని తిరిగాయో లెక్కపెట్టుకుని, దిక్సూచి చూసుకుని అంచనా వేసేది. తర్వాత అమెరికా సైన్యం ఉపగ్రహాలు వచ్చాయి. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి, ఒక్కోదాన్లో అణుగడియారం. నాలుగైనా కనబడితే మన చోటు తేలుతుంది. ఐన్‌స్టీను సూత్రాల ప్రకారం ఆ గడియారాలు మన గడియారాల కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిచెయ్యకపోతే ఒక్క రోజులోనే పది కిలోమీటర్ల తేడా వస్తుంది. మొదట్లో సైన్యం వాళ్ళు కావాలనే పౌరులకి వంద మీటర్ల తప్పు కలిపి ఇచ్చేవాళ్ళు. 2000 మే మొదట్లో క్లింటన్ దాన్ని తీయించాడు. కారు జీపీఎస్ అనే వ్యాపారం నిజానికి ఆ రాత్రి పుట్టింది. మనవాళ్ళూ ఊరుకోలేదు, 2013 జూలై నుంచి 2016 ఏప్రిల్ దాకా శ్రీహరికోట నుంచి ఏడు ఉపగ్రహాలు వేసి నావిక్ అని పేరు పెట్టుకున్నారు.

ఇన్ని కష్టాలు పడి అది చెప్పేది ఒక్కటే - నువ్వు ఇదిగో ఈ చుక్క దగ్గరున్నావు అని. ఆ చుక్క కింద ఏముందో చెప్పాల్సింది పటం. జనం రెండిటినీ కలిపి జీపీఎస్ అంటారు, నేనూ అంతే. తేడా తెలిసొచ్చేదాకా.

*

డెల్టాలో దారి కనుక్కోవడానికి ఈ ఉపగ్రహాలకంటే చాలాముందే ఒక పద్ధతి ఉంది. దాన్ని గీసింది నీళ్ళు. 1852 నుంచి 1855 దాకా కెప్టెన్ ఓర్ ఆధ్వర్యంలో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. వెనకాల ఆలోచన కాటన్ దొరది. అది దాదాపు వందేళ్ళు నిలిచి 1952లో తెగితే, దాని పక్కన 1957కల్లా ప్రకాశం బ్యారేజీ లేచింది. ఆనకట్ట కింద రెండు పక్కలా కాలవలు. బెజవాడ ఊళ్ళోంచే మూడు పోతాయి - బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవిస్ కాలవ. వీటిని తవ్వింది సాగుకే కాదు, పడవలకి కూడా. అందుకే ఆ లాకులు. పడమటి వైపు కొమ్మమూరు కాలవ పట్టుకుని పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలవలో పడితే చెన్నపట్నం దాకా పడవలోనే పోవచ్చు. బియ్యం అలాగే వెళ్ళేవి. లాకులంటే అప్పటి కూడళ్ళు. అక్కడ పడవ ఆగాలి, నీళ్ళు నిండాలో తగ్గాలో ఆలోగా చుట్ట కాల్చుకోవాలి, కబుర్లు చెప్పుకోవాలి, దారి అడగాలి.

రోడ్లు తర్వాత వచ్చాయి, అవీ ఎక్కువగా గట్ల వెంటే. బెజవాడ నుంచి బందరు రోడ్డు చూడండి, కాలవ చెయ్యి వదలదు. అందుకే డెల్టాలో దారి చెప్పేవాడు తూర్పూ పడమరా అనడు, కుడీ ఎడమా అనడు. "ఎగువకి పో, లాకులు దాటాక దిగువకి దిగు" అంటాడు. నదులు దక్షిణానికి పోతే దక్షిణం దిగువ, తూర్పుకి పోతే తూర్పు దిగువ. నేల ఎంత చదునంటే కంటికి వాలు కనబడదు. నీళ్ళకి కనబడుతుంది. చీకట్లో కూడా చెదరని దిక్సూచి అది.

మన పాతవాళ్ళు దూరాన్ని వట్టి అంకెగా చెప్పినవాళ్ళు కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కాశీ దాకా వెళ్ళి, కలకత్తా, సర్కారు జిల్లాల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. చదివితే మజిలీ మజిలీకీ రాసుకున్నాడు - బాట రాతినేలా ఇసుకా, నీళ్ళున్నాయా, ముసాఫరులు దిగడానికి చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి. వెనకాల వచ్చేవాడికి పనికొస్తుందని. ఈ వివరం ఒక్కటీ నా పదిహేను వేల పెట్టెలో లేదు. పేర్ల సంగతి సరేసరి. విజయవాడలో ఎంజీ రోడ్డు మీద వెళ్ళమనేది. బందరు రోడ్డు అని చెప్పి చావొచ్చుగా? ఏలూరు రోడ్డుని కార్ల్ మార్క్స్ రోడ్డనేది. మార్క్స్ మహాశయుడి మీద నాకేం కోపం లేదు గానీ, ఆ పేరుతో ఆటో ఎక్కినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

*

2010 ఆగస్టు. పామర్రులో మా బంధువుల పెళ్ళి. రాత్రి తొమ్మిదింపావు దాటాక భోజనాల దగ్గర ఉన్నాను, ఫోను. మావయ్య. అత్తయ్య కూర్చున్నది కూర్చున్నట్టే ఒక పక్కకి ఒరిగిపోయింది, కుడిచెయ్యి లేవడంలేదు, మాట ముద్దగా వస్తోంది. తొమ్మిదీ పదికి జరిగింది. వీధి చివర టాక్సీ అబ్బాయిని లేపుతానన్నాడు. నేను వద్దన్నాను. "నేను పామర్రులోనే ఉన్నా మావయ్యా, కారుంది, అరగంటలో అక్కడుంటా, ఎవర్నీ పిలవకు" అన్నాను. ఈ వాక్యం సరిగ్గా ఇలాగే అన్నాను.

ఆ ఊరికి చిన్నప్పుడు బస్సులో వెళ్ళేవాణ్ణి, తర్వాత పగటిపూట రెండు మూడుసార్లు కారులో, కూచిపూడి, మొవ్వ మీదుగా చల్లపల్లి దాకా వెళ్ళి వెనక్కి తిరిగి. పెట్టె అడ్డదారి చూపించింది. ఆరు కిలోమీటర్లు తక్కువ, ఎనిమిది నిమిషాలు ముందు. అప్పుడు ఎనిమిది నిమిషాలంటే మాటలా! మొవ్వ దాటాక లోపలికి తిప్పమంది, తిప్పాను. తారు పోయింది, కంకర వచ్చింది, కంకర పోయి గట్టు వచ్చింది. ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క నిండు కాలవ. పదింపావుకి "వంతెన దాటండి" అంది.

వంతెన ఉంది. రెండడుగుల వెడల్పున, పక్కన ఇనప గొట్టంతో. మనిషి నడవొచ్చు, సైకిలు తోసుకుపోవచ్చు. అవతల చెట్ల వెనక లైట్లు కనిపిస్తున్నాయి. ఉపగ్రహం కంటికి వంతెన వంతెనే. ఎవరో ఎక్కడో కంప్యూటరు ముందు కూర్చుని, కాలవకి అడ్డంగా ఒక సన్నగీత చూసి, ఇటు రోడ్డునీ అటు రోడ్డునీ కలిపేశాడు. వాణ్ణి తిట్టుకోలేను, ఆఫీసులో నేను చేసేవీ అలాంటి పనులే.

పెట్టె మళ్ళీ లెక్క వేసింది. ఇంకో దారి. అది బురదలో ఆగింది. గట్టు మీద కారు తిప్పడానికి చోటు లేదు. అర కిలోమీటరు వెనక్కి నడిపాను, వెనక చక్రం ఒకసారి కాలవ వైపు జారింది కూడా. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. పదీ యాభైకి మావయ్య దొరికాడు.

"ఎక్కడున్నావురా?"

"కాలవ గట్టు మీద మావయ్యా."

"ఏ కాలవ?"

తెర మీద నీలం గీతకి పేరు లేదు. తెలీదన్నాను.

"గట్టు మీద రాయేమన్నా ఉందా?"

ఫోను వెలుగులో వెతికితే దొరికింది. సున్నం రాలిపోయిన రాయి, దానిమీద 7. చెప్పాను.

"కాలవకేసి తిరిగి నిలబడు. నీళ్ళు ఎటు పోతన్నాయి?"

చీకట్లో నీళ్ళు కదులుతున్నట్టే లేవు. గడ్డిపోచ వేసి చూడమన్నాడు. వేశాను. నా ఎడమచేతి వైపుకి పోయింది.

"అయితే ఇవతల గట్టు మీదే ఉన్నావు. నీళ్ళకెదురు పో. మైలున్నర. లాకులొస్తాయి, అక్కడ లారీ పట్టే వంతెన ఉంది. దాటి, నీళ్ళతోపాటు దిగువకి వచ్చెయ్. మధ్యలో ఎటూ తిరగమాక."

ఆయన గొంతు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. వెనకాల ఎవరో అత్తయ్యని పిలుస్తున్నారు. పెట్టె ఇంకా వెనక్కి తిరగమంటూనే ఉంది, తీగ పీకేశాను. పదకొండూ పాతికకి ఇంటిముందు ఆపాను.

చల్లపల్లిలో డాక్టరు చూసి, పక్షవాతం, ఆగకుండా బెజవాడ వెళ్ళిపొమ్మన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటా యాభై. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను ఒకటుంది. అది జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, అంతకుముందు స్కాను తియ్యాలి. తొమ్మిదీ పదికి నాలుగున్నర గంటలు కలిపితే ఒంటిగంటా నలభై. డ్యూటీ డాక్టరు టైము అడిగి, రాసుకుని, ఇంకేమీ అనలేదు. లెక్క నేనే వేసుకున్నాను. పోయిన గంటంపావు తీసేస్తే పన్నెండూ ముప్ఫైఅయిదుకి అక్కడుండేవాళ్ళం. స్కానుకి ముప్పావుగంట పోయినా వ్యవధి మిగిలేది. ఆ ఇంజెక్షను అందరికీ ఇవ్వరు, ఇచ్చినా అందరికీ గుణం కనపడదు, ఇదంతా తర్వాత చదువుకున్నాను. చదువుకుంటే లెక్క మారలేదు.

అత్తయ్య బతికింది. మాట తిరిగొచ్చింది, కాలు వచ్చింది, కుడిచెయ్యి మాత్రం గ్లాసు పట్టుకునేంత రాలేదు. మావయ్య నన్ను ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. ఒకసారి నేనే ఎత్తితే, "పటం గీసినోడు కాలవ దాటలేదులేరా" అన్నాడు. అప్పుడాయన అత్తయ్యకి ముద్దలు కలిపి పెడుతున్నాడు.

*

పెట్టెల చరిత్ర త్వరగానే ముగిసింది. నేను కొన్న ఏడాదే, 2009 అక్టోబరులో, గూగుల్ వాళ్ళు అమెరికాలో ఫోనులో దారిచూపడం ఉచితమన్నారు. గార్మిన్, టామ్‌టామ్ షేర్లు ఆ రోజే కూలబడ్డాయి. 2010 జనవరిలో నోకియా వాడు ప్రపంచమంతా ఉచితమన్నాడు, పటాల కోసం అంతకుముందే నావ్‌టెక్‌ని ఎనిమిది వందల కోట్ల డాలర్లకు పైగా పోసి కొన్నవాడు. నా పధ్నాలుగు గడుల షీటులో "ఈ వస్తువు రెండేళ్ళలో ఎవరికీ అక్కర్లేకుండా పోతుందా" అనే గడి లేదు. 2010లోనే రహదారుల నెంబర్లు మార్చారు - 5 కాస్తా 16 అయింది, 9 కాస్తా 65 అయింది. నా పెట్టె పాతవే పట్టుకుని కూర్చుంది. పటం మార్చుకోవాలంటే మళ్ళీ డబ్బు కట్టాలన్నారు. కట్టలేదు. అలాగని తీసెయ్యలేదు కూడా, ఇంకో ఐదేళ్ళు కారులోనే ఉంది. పదిహేను వేలు పోశాం గదా అని కొంత, ఇంకేదో కొంత.

నేను చేసిన పని ఒకటుంది. 2008లో గూగుల్ మ్యాప్ మేకర్ అని మొదలైంది, మామూలు జనమే పటం గీసుకునేది. బెంగుళూరులో లలితేష్ కట్రగడ్డ వాళ్ళ బృందం ఆలోచన. మన దేశంలో పటాలు లేని కరువులోంచి పుట్టిన సంగతి అది. ఆ ఏడాది దీపావళి సెలవుల్లో మావయ్యని పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. కాలవ పేరు, లాకులు, ఏ వంతెన మీద లారీ పడుతుంది, ఏది ట్రాక్టరు దాకా, ఏది మనిషికే. ఆయన చెప్పడం, నేను గీయడం. ఆ రెండడుగుల వంతెన మీద "నడిచేవాళ్ళకు మాత్రమే" అని పెట్టాను. ఎవరో తెలీని మనిషి దాన్ని పరిశీలించి ఆమోదించాడు. మావయ్యకి అది నచ్చలేదు - "నా కాలవ సంగతి ఆడెవడు ఒప్పుకునేది?" అన్నాడు. మొత్తం నలభై ఏడు వంతెనలు పెట్టాం. బాణంగుర్తు వేసి ఎగువా దిగువా చూపించడానికి మాత్రం అందులో వీలు దొరకలేదు. ఆయన 2014లో పోయాడు. మ్యాప్ మేకర్‌ని 2017 మార్చిలో మూసేశారు.

ఈసారి సంక్రాంతికి, అటక సర్దడం అయ్యాక, అత్తయ్యని చూడ్డానికి ఆ ఊరు వెళ్ళాను. పామర్రు దగ్గర ఫోనుని దారి అడిగాను. మొవ్వ దాటాక లోపలికి తిప్పకుండా లాకుల మీదుగా పంపించింది. 31 నిమిషాలంది, 35 పట్టింది. లాకుల దగ్గర గొర్రెల మంద అడ్డమొచ్చింది.